సంవత్సరం అడగలేదు

జూన్ 4, బుధవారం

కళ్ళజోళ్ళ షాపావిడ వద్దంది.

ఆఫీసు రిపోర్టుకైతే ఈ ఒక్క ముక్క చాలు. పెంపకానికి ఇచ్చేసిన బిడ్డ పెద్దయి, నన్ను కన్నది ఎవరు అని మా ఆఫీసుకి అర్జీ పెట్టుకుంటే, ఆ కన్నతల్లిని వెతికి పట్టుకుని, మూడో మనిషికి తెలియకుండా సరేనా వద్దా అని అడిగి రావడం నా ఉద్యోగం. సరే అంటే పేరు ఇస్తాం. వద్దంటే ఎత్తు, చదువు, ఒంట్లో జబ్బులు లాంటివి మాత్రం ఇచ్చి, మనిషి ఆనవాలు పట్టించేవన్నీ నల్ల ఇంకుతో కొట్టేస్తాం. ఉత్తరం పంపితే ఇంట్లో ఎవరు విప్పుతారో తెలియదు, ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారో తెలియదు. అందుకే కస్టమర్‌లా వెళ్తాను. అలా వెళ్ళి కొన్న గొడుగులు, ఫ్లాస్కులు, నా కాలికి పట్టని చెప్పులు ఇల్లంతా ఉన్నాయి. టికెట్ పెట్టి జనానికి చూపిద్దామా అంటారు ఈయన. ఈసారి కళ్ళజోడు.

షాపు వెనక చిన్న చీకటి గది. ఎదురుగా గోడ మీద అక్షరాలు వెలుగుతున్నాయి. ఆవిడ నా కళ్ళ ముందు అద్దాలు మారుస్తుండగా విషయం చెప్పాను. చెయ్యి ఆగలేదు. ఇది బాగుందా, ఇందాకటిదా అని అడుగుతూనే ఉంది. నేనూ ఇది, అది అని జవాబు చెబుతూనే ఉన్నాను. చివరికి లైటు వేసి, మూసిన తలుపు వైపు ఒకసారి చూసి అంది.

"మావారికి తెలీదు, మా అబ్బాయికీ తెలీదు. చూడాలని లేక కాదండీ. ఇప్పుడు కాదు. నేను చెప్పేదాకా వద్దనే రాసుకోండి."

మీరు చెప్పేదాకా ఎవరూ రారు, నాదీ హామీ అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

పేరు మాత్రం ఇక్కడ కూడా రాయను. బట్టల కింద దాచుకునే డైరీ అయినా సరే. ఈ విషయంలో నన్ను వేలెత్తి చూపించే మనిషి ఇంతవరకు లేడు.

జూన్ 10, మంగళవారం

కేకుల పిల్లకి చెప్పేశాను.

బేకరీలో కేకుల మీద పేర్లు రాస్తుంది. ఊళ్ళో అందరి పుట్టినరోజులూ నా చేతుల మీదుగానే వెళ్తాయి మేడమ్ అని వచ్చిన మొదటిరోజే నన్ను నవ్వించింది. మంగళవారం సెలవు. ఆ సెలవంతా నా బల్ల ముందే గడుపుతోంది. పెంచిన తల్లే అర్జీ కాగితం తెచ్చి చేతికిచ్చిందట. వెళ్ళి అడుగు, నాకేం కష్టం లేదు అందట. అలాంటి అమ్మ దొరికిన పిల్లకి ఇంకా ఈ ఆరాటం ఏమిటని ఎవరైనా అనొచ్చు. నేను అనను. ఈ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఎవరూ అనరు.

వద్దన్నారమ్మా అంటే కొందరు ఏడుస్తారు, కొందరు అరుస్తారు. ఒకాయన నా నీళ్ళ సీసా విసిరేశాడు. ఈ పిల్ల ఏమీ చేయలేదు. నల్లగా కొట్టేసిన కాగితాలు కిటికీ వైపు ఎత్తి పట్టి చూసింది. అందరూ అలాగే చూస్తారు. ఏమీ కనబడదు, మా ఇంకు అలాంటిది.

"మీరు ఆవిడని చూశారు కదా?" అంది.

చూశానన్నాను.

"అంటే మీరు చూడొచ్చు. నేను చూడకూడదు."

రూలు చెప్పాను. అది నాకు నోటికి వచ్చు. పిల్ల బుద్ధిగా విని, కుర్చీ సర్ది, వెళ్ళిపోయింది.

జూన్ 13, శుక్రవారం

కళ్ళజోడు తెచ్చుకున్నాను. బాగా కుదిరింది. ఆవిడే చెవుల వెనక వంచి సరిచేసింది. మీరు నాకంటే చిన్నవాళ్ళే అంటూ చెల్లీ అంది. నేనూ అక్కా అనేశాను. కౌంటర్ దగ్గర భర్త అద్దాలు తుడుస్తూ ఏదో జోకు వేశాడు. మంచి మనిషిలా ఉన్నాడు.

గుమ్మం దాకా వచ్చి, స్క్రూ వదులైతే తీసుకురండి చెల్లీ, బిగిస్తాను అంది. తర్వాత గొంతు తగ్గించి, బాగుందా అని అడిగింది. ఎవరని నేను అడగలేదు. బాగుంది, మంచి పనిలో ఉంది అన్నాను. అంతవరకు చెప్పొచ్చు. ఆవిడ తలూపి లోపలికి వెళ్ళిపోయింది.

ఇష్టం లేనివాళ్ళు అడగరు. ఆవిడ అన్న వద్దు నిజమైన వద్దు కాదు. నాకు మనుషులు తెలుసు.

జూన్ 24, మంగళవారం

పిల్ల వచ్చింది. ఊరికే కూర్చుని వెళ్ళింది.

జూలై 1, మంగళవారం

బేకరీ వాళ్ళు దూరంగా ఇంకో ఊళ్ళో కొత్త షాపు తెరుస్తున్నారట. ఈ పిల్లని అక్కడికి వేశారు. నెలాఖరుకి వెళ్ళిపోవాలి. వెళ్ళేముందు ఒక్కసారి, దూరం నుంచి, రోడ్డు అవతల నుంచైనా సరే మేడమ్, మాట్లాడను, మళ్ళీ అడగను అంది. కన్నీళ్ళు పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే నేను గట్టిగా ఉండేదాన్ని, అలవాటే కదా.

రోడ్డు అవతల నిలబడి తొంగి చూడటం దొంగల పని. అంతకంటే నాతోపాటు షాపులోకే వస్తే మర్యాదగా ఉంటుంది. ఈ పిల్లకి సైటు ఉన్నట్టే ఉంది కూడా. గోడ మీద నోటీసు చదవడానికి కళ్ళు చికిలిస్తుంది.

పేరు చెప్పను. అడ్రసు ఇవ్వను. ఫోటో ఇవ్వను. రూలులో ఉన్నవి ఈ మూడే. నాకు తెలిసిన ఒక అమ్మాయిని కళ్ళజోళ్ళ షాపుకి తీసుకెళ్ళకూడదని ఎక్కడా రాసి లేదు.

జూలై 8, మంగళవారం

వెళ్ళొచ్చాం. ఏ గొడవా జరగలేదు.

బస్సులో అంతా వల్లె వేయించాను. నువ్వు మా అక్క కూతురివి. పేరు ఇది. మా ఇంట్లో ఉండి చదువుకుంటున్నావు. నన్ను పిన్నీ అనాలి. పిల్ల చేతులు చల్లబడిపోయాయి గానీ మాట తడబడలేదు. నేను నేర్పిన పేరు సొంత పేరంత సులువుగా చెప్పింది.

షాపు అక్క ఏమీ అనుమానపడలేదు. పిన్నీ కూతురూ ఇద్దరూ ఒకేలా కళ్ళు చికిలిస్తారే అని నవ్వింది. నాకు లోపల గర్వంగా అనిపించింది, దాచడమెందుకు. మధ్యలో ఒకసారి లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది. పాపం, ఫ్యాన్ సరిగ్గా తిరగడం లేదు, బాగా ఉక్కగా ఉంది. చీకటి గదిలో కంట్లోకి గాలి ఊదే మెషిన్ దగ్గర గడ్డం ఆనించమంటే పిల్ల ఉలిక్కిపడింది. అక్క వెనక నుంచి తల పట్టుకుని, భయం లేదమ్మా, ఏం కాదు, ఏం కాదు అంది. తర్వాత స్కేలు తెచ్చి, నా ముక్కు మీద చూడు అంటూ కంటికీ కంటికీ మధ్య దూరం కొలిచింది. రెండుసార్లు కొలిచింది. పనిలో చాలా జాగ్రత్త మనిషి.

పిల్ల అలాగే చూస్తూ కూర్చుంది. తన తల్లి ముఖం అంత దగ్గరగా. ఈ ఉద్యోగంలో ఇన్నేళ్ళకి ఒక్క మంచి పని చేశాననిపించింది.

తిరుగు బస్సులో పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. దిగేముందు నా భుజానికి తల ఆనించి, థాంక్స్ పిన్నీ అంది. షాపు బయటే ఆ పిలుపు మానేయాలి. చెప్పాలనుకుని చెప్పలేదు.

జూలై 9

తప్పేం జరగలేదు.

జూలై 10

పేరు చెప్పలేదు. అడ్రసు ఇవ్వలేదు. షాపు అడ్రసు అడ్రసు కాదా అంటే, అది ఊళ్ళో అందరికీ తెలిసిన షాపు. పాలు రెండుసార్లు పొంగిపోయాయి. స్టవ్ ముందు నిలబడి పాలు పొంగించడం నీకే చెల్లింది అన్నారు ఈయన. విసుక్కున్నాను. ఆయనేం చేశారు పాపం.

జూలై 13, ఆదివారం

మంగళవారం నాడు ఒక సంగతి రాయలేదు. మర్చిపోయి కాదు.

షాపులో కొత్తగా కళ్ళు చూపించుకునేవాళ్ళని మొదట కౌంటర్ దగ్గర వివరాలు అడుగుతారు. నన్నూ అడిగారు జూన్‌లో. పేరు, పుట్టిన తేదీ. బస్సులో పేరు నేర్పాను, చదువు నేర్పాను, లేని మా అక్కకి లేని మోకాళ్ళ నొప్పులు కూడా నేర్పాను. పుట్టిన తేదీ నేర్పలేదు. ఫైళ్ళలో నేను అందరికంటే ముందు నల్లగా కొట్టేసేది అదే. కళ్ళు మూసుకుని కొట్టేయగలను. అది మర్చిపోయాను.

అక్క అడిగింది. ఏ ఆఫీసులో అడిగినా చెప్పినట్టే ఆ పిల్ల ఠక్కున చెప్పేసింది. తనది. నిజమైంది. రోజు, నెల.

అక్క రాసుకుంది. సంవత్సరం చెప్పబోతుంటే పెన్ను మూత పెట్టేసింది. సంవత్సరం అడగలేదు.

అప్పుడు వెళ్ళింది ముఖం కడుక్కోవడానికి. ఫ్యాన్ బాగానే తిరుగుతోంది. కౌంటర్ మీది కాగితాలు ఎగురుతుంటే భర్త వాటి మీద కళ్ళజోడు పెట్టె పెట్టాడు, నేను చూశాను. రెండుసార్లు కొలవాల్సిన పని కూడా ఏమీ లేదు. నాకు ఒకేసారి కొలిచింది.

గుర్తుపట్టి ఉండకపోవచ్చు. ఒకే రోజు పుట్టినవాళ్ళు ఊళ్ళో ఎంతమంది ఉంటారు. కేకుల పిల్లని అడిగితే చెబుతుంది.

జూలై 18, శుక్రవారం

షాపు నుంచి ఫోన్. ఆవిడే. కళ్ళజోడు రెడీ అయింది, మీరొక్కరే రండి అంది. పెట్టేసింది.

జూలై 19

తలనొప్పిగా ఉంది. వెళ్ళలేదు.

జూలై 20

ఆదివారం షాపు ఉండదేమో.

జూలై 22, మంగళవారం

వెళ్ళాను. కౌంటర్ దగ్గర భర్త నవ్వుతూ, మేడమ్ మా షాపుకి బాగా అలవాటు పడిపోయారు అన్నాడు. నవ్వాల్సి వచ్చింది. ఆవిడ మీ కళ్ళజోడు కూడా ఒకసారి చూస్తానంటూ చీకటి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. లైటు వేయలేదు. గోడ మీద అక్షరాలు వెలుగుతున్నాయి, అంతే.

మేడమ్ అంది. అక్కడే నా పని అయిపోయింది.

"నేను చెప్పేదాకా ఎవరూ రారన్నారు."

మీ పేరు చెప్పలేదండీ నేను అన్నాను. ఈ డైరీలో ఎన్నిసార్లు రాసుకున్నానో, అదే మాట. నోట్లోంచి వచ్చాక అది ఎంత నీచంగా వినబడిందో నాకే తెలుసు.

ఆవిడ కోప్పడలేదు. చాలాసేపు అద్దాల పెట్టె సర్దింది. జూన్‌లో నేను వచ్చి వెళ్ళిన రోజు నుంచి భర్తకి ఎలా చెప్పాలా అని మాటలు కూడబెట్టుకుంటోందట. అబ్బాయి పరీక్షలు కాగానే చెబుదామనుకుందట. ఎవరూ లేనప్పుడు ఈ గదిలోనే నిలబడి, ఆ అక్షరాలకి ఎదురుగా, పైకే అనుకుని చూసుకుందట. చెప్పేశాక మంచి బట్టలు వేసుకుని మా ఆఫీసుకి తనే నడిచి రావాలని, వచ్చి సరే అనాలని.

"మీరు ఆగలేదు," అంది. "నా కూతురు నాతో మాట్లాడిన మొదటి మాట అబద్ధం మేడమ్. పేరు అడిగితే మీరు నేర్పిన పేరు చెప్పింది. ఆ తేదీ ఒక్కటే నిజం."

క్షమించమని అడగడానికి ముఖం చెల్లలేదు.

"మిమ్మల్ని పిన్నీ అంటోంది. మీరు నన్ను అక్కా అంటున్నారు. వరస చూసుకుంటే అబద్ధం కూడా సరిగ్గా ఆడలేదు మీరు."

నవ్విందేమో, చీకట్లో కనబడలేదు. ఇప్పటికైనా సరే అంటే అని గొణిగాను. నాలో ఇంకా ఆశ చావలేదు, అది ఆ పిల్ల కోసమో, నేను బయటపడటం కోసమో నాకే తెలియదు.

"ఇప్పుడెలా అంటాను? తెలిసి కూడా పలకలేదని తనకి అర్థమైపోదూ? మెషిన్ దగ్గర తల పట్టుకున్నాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. బయట మావారు ఉన్నారు, నోరు రాలేదు. అది తెలిస్తే తనని రెండోసారి వదిలేసినట్టే. నాకు తెలిసిందని చెప్పకండి. ఈ ఒక్కటైనా నిలబెట్టుకోండి."

తర్వాత కళ్ళు పరీక్షించేటప్పటి గొంతుతో ఇంకో విషయం చెప్పింది. పిల్ల కంట్లో ఒత్తిడి ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉంది. ఆవిడ తల్లికి ఇలాగే మొదలై, ఏ నొప్పీ లేకుండా చూపు పోయింది. ఆవిడకీ రోజూ కంట్లో మందు చుక్కలు. ఇది ఒంటి జబ్బు కదా, మీ రూలు ప్రకారం పేరు లేకుండా ఇవ్వొచ్చు కదా, ఆఫీసు నుంచి ఇవ్వండి, ఏడాదికోసారి డాక్టర్‌కి చూపించుకోమనండి అంది. రూలు నాకంటే బాగా తెలుసుకుంది.

పిల్ల కళ్ళజోడు పెట్టె నా చేతిలో పెట్టి లైటు వేసింది. అప్పుడు చూశాను, కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. తలుపు తీస్తూ, బయటికి వినబడేలా, ముక్కు దగ్గర నొక్కితే చెప్పమనండి మేడమ్ అంది. ఎప్పుడు వచ్చినా, వదులైతే తీసుకురండి అనేది నాతో. ఈసారి అనలేదు.

జూలై 24, గురువారం

ఆఫీసర్ గారికి చెప్పేద్దామని ఆయన గది దాకా వెళ్ళాను. చెబితే విచారణ. విచారణ అంతా ఫైలుకెక్కుతుంది. ఫైలు ఆ పిల్లది, అడిగితే చూపించాలి. అందులో కళ్ళజోళ్ళావిడకి తెలిసిపోయిందన్న మాట ఉంటుంది. అంటే నేను నిజం ఒప్పుకుంటే ఆవిడ అడిగిన ఆ ఒక్కటీ పోతుంది.

అందుకని చెప్పకుండా వెనక్కి వచ్చాను. ఇది కూడా నాకు ఎంత అనుకూలంగా కుదిరిందో చూడు.

ఆరోగ్య వివరాల కింద నాలుగు వాక్యాలు టైపు చేశాను. కన్నతల్లి తరఫున కంటి ఒత్తిడి జబ్బు ఉంది. ఏటా పరీక్ష అవసరం. సమ్మతి: లేదు. ఆఫీసర్ గారు సంతకం పెడుతూ, మీరున్నంతవరకు ఈ గదిలోంచి గాలి కూడా బయటికి పోదండీ అన్నారు. మెచ్చుకోలు. కాగితం తీసుకుని వచ్చేశాను.

జూలై 29, మంగళవారం

పిల్ల రేపు వెళ్ళిపోతోంది. కళ్ళజోడు ఇచ్చాను. అక్కడే పెట్టుకుంది. అటూ ఇటూ తల తిప్పి చూసింది. ఇంతకుముందు ఏది పెట్టుకున్నా ముక్కు మీద మచ్చ పడేదట. ఇది ఎక్కడా నొక్కడం లేదు, అసలు పెట్టుకున్నట్టే లేదు అంది. అంత బాగా ఎలా కొలిచిందో అంది. నేను ఫైళ్ళు సర్దుతున్నట్టు నటించాను.

తర్వాత ఆ కాగితం ఇచ్చాను. చదివింది. మళ్ళీ చదివింది. ముందు ఇచ్చిన కాగితాల్లో జబ్బులేవీ లేవని రాసి ఉంది కదా, కొత్తగా ఇప్పుడు ఎలా వచ్చింది, అదీ కళ్ళ గురించే ఎందుకు వచ్చింది అని అడిగింది. కేకుల మీద పేర్లు రాసే పిల్ల, ఒక్క అక్షరం తేడా వస్తే పట్టుకుంటుంది.

"పిన్నీ, ఆవిడ నన్ను గుర్తుపట్టిందా?"

ఆఫీసులో పిన్నీ అనకూడదమ్మా అనలేకపోయాను. ఏడాదికోసారి అందరి దగ్గరా ఆరోగ్య వివరాలు మళ్ళీ తీసుకుంటాం, మామూలు పద్ధతే అన్నాను. అలాంటి పద్ధతి ఏదీ లేదు.

"గుర్తుపట్టిందా?"

"లేదమ్మా."

తలూపింది. కళ్ళజోడు తీసి, కొంగులా వేలాడుతున్న చున్నీ అంచుతో తుడిచింది, మసకేమీ లేకపోయినా.

"నా తల రెండు చేతులతో పట్టుకుంది," అంది. "అయినా ఏమీ అనిపించలేదన్నమాట."

రెండుసార్లు కొలిచిందమ్మా. వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చిందమ్మా. తేదీ విని పెన్ను మూసేసిందమ్మా. మూడూ నాలుక చివరకి వచ్చాయి. ఏ ఒక్కటి చెప్పినా ఈ పిల్ల మనసు చల్లబడుతుంది. వెంటనే, మరి పలకలేదేం అని అడుగుతుంది. నోరు మూసుకున్నాను. జూలై మొదట్లోనే మూసుకోవాల్సిన నోరు.

పిల్ల లేచి కుర్చీ సర్దింది. మీరు మాత్రం నాకోసం చాలా చేశారు, ఎప్పటికీ మర్చిపోను అంది. ఆ మాట కూడా మోసుకుని ఇంటికి వచ్చాను.

ఆగస్టు 6, బుధవారం

పిల్ల కొత్త ఊరి నుంచి ఫోన్ చేసింది. డాక్టర్‌కి చూపించుకుందట. ఒత్తిడి నిజంగానే ఉంది, తొందరగా తెలిసింది కాబట్టి భయం లేదన్నారట. నన్ను గుర్తుపట్టకపోతేనేం, ఆవిడ చల్లగా ఉండాలి అంది. ఆవిడకి ఈ మాట చెప్పాలి. ఎలా చెప్పను. నేను ఆ వీధిలో అడుగు పెట్టకపోవడమే ఇప్పుడు ఆవిడకి నేను చేయగలిగిన మేలు.

నా కళ్ళజోడు స్క్రూ వదులైంది. రాయడానికి తల వంచితే జారిపోతోంది. ఈయన పొద్దున్న నుంచి అంటున్నారు, తీసుకెళ్ళి బిగించుకోరాదూ, మీ అక్క షాపు ఉందిగా అని. వెళ్తానన్నాను. ఒక చేత్తో కళ్ళజోడు పట్టుకుని, ఇంకో చేత్తో రాస్తున్నాను.